టెండన్ కుట్టిన చెయ్యి: ఎనిమిదో వారంలో పనికి పిలవొచ్చా?

షాప్‌ఫ్లోర్_బాలానగర్:
మాది షీట్‌మెటల్ యూనిట్. పవర్ ప్రెస్ ఆపరేటర్‌కి రేకు అంచు తగిలి కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు లోపలివైపు తెగాయి. వేళ్లు ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు) కుట్టారు. ఆపరేషనై ఏడు వారాలు దాటింది, స్ప్లింట్ (చెయ్యి కదలకుండా కట్టే పట్టీ) తీసేశారు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) డబ్బు వస్తోంది. ఓనరేమో సగం పూట వచ్చి తేలిక పని చేసుకోమనండి అంటున్నారు, అతనూ సరేనంటున్నాడు. పిలవొచ్చా? ఏ పని ఇవ్వాలి?

చేతి_ఫిజియో:
స్ప్లింట్ తీసినంత మాత్రాన కుట్టిన చోటు బరువు ఆపుతుందని కాదండీ. మామూలుగా ఎనిమిదో వారం నుంచి అన్నం కలుపుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం లాంటివి చేయిస్తాం. గట్టిగా పట్టే పని పన్నెండు వారాల తర్వాతే, అదీ సర్జన్ చూశాక. బలం రావాలని రబ్బరు బంతి నొక్కడం చాలామంది చేసే తప్పు. ఈ దశలో టెండన్ మళ్లీ తెగడానికి అదొక్కటి చాలు. బంతి బదులు, రెండో చేత్తో వేలి మధ్య ఎముకను కదలకుండా పట్టుకుని చివరి కణుపు మాత్రం మెల్లగా ముడవాలి. రెండు గంటలకోసారి పదిసార్లు. గాయం పూర్తిగా మానితే మచ్చ మీద కొబ్బరినూనెతో ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు రుద్దాలి. లేకపోతే టెండన్ చర్మానికి అతుక్కుపోయి వేలు సగంలోనే ఆగిపోతుంది.

టప్‌మని తెగినట్టయి వేలు తనంతట తాను ముడవకపోతే ఆ రోజే సర్జన్ దగ్గరికి పంపండి.

డిశ్చార్జి కాగితంలో ఇంకొకటి చూడండి: టెండన్ ఒక్కటేనా, నెర్వ్ (స్పర్శ తెలిపే నరం) కూడా కుట్టారా? నెర్వ్ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. అప్పటిదాకా వేలికొనకు వేడి, కోత తెలియవు. అలాంటి చేతికి వేడి భాగాలు, రేకు అంచులు ఇవ్వకూడదు.

ఈఎస్ఐ_కాగితాలు:
వైద్యం సంగతి పైన చెప్పారు. ఓనరుగారి సగం పూట ఆలోచనతో నష్టం కార్మికుడికే. టెంపరరీ డిసేబుల్‌మెంట్ బెనిఫిట్ (టీడీబీ), అంటే గాయంతో పని చేయలేని రోజులకు ఈఎస్ఐ ఇచ్చే డబ్బు, సగటు రోజు కూలీలో 90 శాతం. పని చేసిన రోజుకు అది రాదు, సగం రోజుకు సగం అనే పద్ధతీ లేదు. సగటు కూలీ 600 అనుకోండి: ఇంట్లో ఉంటే 540, సగం పూటకు మీరిచ్చేది 300. పైగా సర్టిఫికెట్‌లో పనికి పనికిరాడని ఉండగా హాజరు పట్టీలో సంతకం కనిపిస్తే, ఇచ్చిన డబ్బు వెనక్కి అడుగుతారు.

కాబట్టి ఇప్పుడు పిలవకండి. ఐఎంఓ (ఈఎస్ఐ డాక్టరు) ఇక పనికి వెళ్లొచ్చని ఫైనల్ సర్టిఫికెట్ ఇచ్చాక పూర్తి జీతంతో తేలిక పని ఇవ్వండి. టీడీబీకి ఇన్ని రోజులేనన్న గడువు లేదు, తొందరపడాల్సిన పనేమీ లేదు. ఆ డబ్బు తీసుకుంటుండగా మామూలుగా ఉద్యోగంలోంచి తీసేయడమూ కుదరదు. ప్రమాదం రిపోర్టు, ఫారం 12, ఈఎస్ఐకి వెళ్లిందో లేదో ఒకసారి చూసుకోండి. యాక్సిడెంట్ బుక్‌లో తేదీ, టైము దానితో కలవాలి.

షాప్‌ఫ్లోర్_బాలానగర్:
అర్థమైంది, ఓనరుకు ఆ లెక్కే చూపిస్తాను. ఫైనల్ వచ్చాక ఏ పని?

చేతి_ఫిజియో:
మొదటి రెండు వారాలు గేజ్‌తో చెకింగ్, లెక్క, లేబుల్, స్టోర్ ఇష్యూ. ఆకురాయితో బర్ (రేకు అంచున మిగిలే ముల్లు) తీయడం తేలికగా కనిపిస్తుంది కానీ అదంతా పట్టు పనే, ఇవ్వొద్దు. గ్రైండర్ అదురుడు కూడా చివరికే. సాయంత్రం కాస్త వాచడం మామూలే. తెల్లారేసరికి తగ్గకపోతే ముందురోజు పని ఎక్కువైనట్టు, తగ్గించండి. ప్రెస్ మీదికి పంపేముందు రెండు చేతుల బటన్లు సరిగా పనిచేస్తున్నాయో చూడండి. చెయ్యి మందగించిందని ఒక బటన్‌ను కట్టేసి ఫుట్ పెడల్ పెట్టారంటే రెండో ప్రమాదాన్ని మీరే పిలిచినట్టు. డ్రిల్లింగ్ దగ్గర గ్లవ్స్ వద్దు, బిట్ లాగేస్తుంది.

ఈఎస్ఐ_కాగితాలు:
వేలు పూర్తిగా ముడవకుండా మిగిలిపోతే ఫైనల్ తర్వాత మెడికల్ బోర్డుకు రిఫర్ చేయించండి. బోర్డు వైకల్యం శాతం తేలిస్తే వచ్చే పర్మనెంట్ బెనిఫిట్ జీతంతో పాటే వస్తుంది, పనిలో చేరాడని ఆగదు. చాలామంది జీతం పోతుందేమోనని భయపడి బోర్డుకే వెళ్లరు.