విండోస్ 11లో పాత ఆటలు: ఎవరికి ఏ దారి పనిచేసింది?

సీడీలపెట్టె: కొత్త ల్యాప్‌టాప్‌లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా తెరవబోతే, ఈ ప్రోగ్రాం ఇందులో నడవదని వస్తోంది. ఇంకో ఆట అసలు సీడీని బయటి డ్రైవులో పెట్టినా, సీడీ పెట్టమనే అడుగుతోంది. రోడ్ రాష్‌లో శబ్దం లేదు. మూడింటికీ ఉపాయం చెప్పండి.

డాస్‌వీరాభిమాని: ప్రిన్స్ 16 బిట్ల ఆట, విండోస్‌కు ముందటి డాస్ కోసం రాసింది. 64 బిట్ల విండోస్‌లో అలాంటివి నడవవు, విండోస్ 11లో 32 బిట్ల రకమే లేదు. పాత విండోస్‌లా నటించే కంపాటిబిలిటీ మోడ్‌తో కుస్తీ పట్టకండి. పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్ వేసుకుని, ఆట ఉన్న ఫోల్డర్‌ను అందులో డ్రైవుగా చూపండి (మౌంట్ చేయండి), చాలు.

ల్యాబ్‌మేడమ్: డాస్‌బాక్స్ దేనికి? ఎస్‌డీఎల్‌పాప్ దించుకోండి. డాస్ ప్రిన్స్‌నే ఇప్పటి కంప్యూటర్లకు తగ్గట్టు మలిచారు. ఎఫ్6 నొక్కితే ఆట భద్రమవుతుంది, ఎఫ్9తో మళ్లీ అక్కడి నుంచే. మా అబ్బాయి చివరి మెట్టు (లెవెల్) దాకా వెళ్లాడు!

మందుసీసా: ప్రిన్స్ అనగానే మొదటి మెట్టు దాటాక వచ్చే సీసాల గది గుర్తొచ్చింది. మాన్యువల్‌లో చెప్పిన పేజీ చూసి సరైన అక్షరం ఉన్న సీసా తాగాలి. మా కాలేజీలో ఎవరి దగ్గరా మాన్యువల్ లేదు, అందరం ఆ గదిలోనే చచ్చేవాళ్లం.

మరమ్మతుల_మాస్టారు: 1998 నుంచి ఇదే నా వృత్తి, కాబట్టి నా మాట వినండి. సీడీ గుర్తించకపోవడానికి కారణం చాలావరకు సేఫ్‌డిస్క్, అంటే సీడీని నకలు చేయకుండా వేసిన తాళం. దానికి కావలసిన సెక్‌డ్రవ్ డ్రైవరును విండోస్ 10 నుంచే తీసేశారు. పాత ఫైలు తెచ్చి డ్రైవర్లు నమ్మదగినవో కాదో విండోస్ చూసే సంతకాల తనిఖీ ఆపేస్తే ఆట నడుస్తుంది. నేను చాలామందికి చేసిపెట్టాను.

తాళంచెవి: మాస్టారూ, దయచేసి ఈ సలహా ఇవ్వకండి. ఆ డ్రైవరు కెర్నెల్ స్థాయిలో, అంటే విండోస్ గుండెలోనే పనిచేస్తుంది, 2007లోనే అందులో భద్రతా లోపం బయటపడింది. ఒక ఆట కోసం బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌కు తలుపులు తీసిపెడతారా?

మరమ్మతుల_మాస్టారు: డబ్బు పెట్టి కొన్న సీడీ అండీ అది! కొన్నవాడు ఆడుకోకూడదా?

తాళంచెవి: ఆడుకోవచ్చు. పాత విండోస్‌ను వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్), ఇంటర్నెట్ లేకుండా పెట్టుకోండి. లేదా పాత ఆటలు అమ్మే గాగ్ సైట్‌లో తాళం లేని ప్రతి దొరుకుతుందేమో చూడండి.

మరమ్మతుల_మాస్టారు: ఒకే ఆటను రెండుసార్లు కొనాలా? తాళం వేసినవాళ్లను వదిలేసి కొన్నవాళ్లను తప్పుపడుతున్నారు.

ల్యాబ్‌మేడమ్: ఈ మాట మాత్రం నిజం. నాకూ కడుపు మండుతుంది.

డాస్‌వీరాభిమాని: టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ సాధనంలో రాసిన చిన్న ఆటలను ఎవరూ తలచుకోరేం? వేగం ఎక్కువైన ప్రాసెసర్‌పై తెరవగానే రన్‌టైమ్ ఎర్రర్ 200 వచ్చి ఆగిపోతాయి. జాప్యాన్ని లెక్కకట్టే భాగహారం అక్కడ తప్పుతుంది. డాస్‌బాక్స్‌లో కంట్రోల్ ఎఫ్11తో సైకిళ్లు (ఆట నడిచే వేగం) తగ్గించి మళ్లీ తెరవండి.

సీడీలపెట్టె: ఎస్‌డీఎల్‌పాప్ వెంటనే నడిచింది, మేడమ్, ధన్యవాదాలు. సీడీ ఆటకు వర్చువల్ మెషీన్ చూస్తాను. రోడ్ రాష్ శబ్దం మాట ఎవరూ ఎత్తలేదు.

మందుసీసా: రోడ్ రాష్‌లో గొలుసు లాక్కుని కొట్టడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

తాళంచెవి: ముందు ఆయనకు శబ్దం సంగతి చెప్పనివ్వండి. సీడీలపెట్టె గారూ, పాటలు రావడం లేదా, బండి చప్పుడు కూడా లేదా?