అప్‌డేట్: హనుమకొండలో ఇల్లు దొరికింది

మా వారి ఉద్యోగం కాజీపేటలో, నాది వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మతో ఎక్కడ అద్దెకు దిగాలని కిందటి నెల అడిగాను. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు ముందుగా నమస్కారం.

బాలసముద్రంలో దిగాం. ఇద్దరికీ ఇంచుమించు మధ్యలో ఉంది, హనుమకొండ బస్టాండు దగ్గర. అద్దె అనుకున్నదానికంటే ఎక్కువే, అయినా ఆటో ఖర్చు తగ్గింది.

నిజానికి మాకు ముందు నచ్చింది నయీంనగర్ వైపు ఇల్లు. విశాలమైన గదులు, తక్కువ అడ్వాన్సు. అయితే "2020 ఆగస్టు, 2023 జులై వానలప్పుడు ఆ వీధిలోకి నీళ్లు వచ్చాయా అని ఇరుగుపొరుగును అడుగు" అని ఒక అక్క రాశారు కదా, అడిగాను. పక్కింటి పెద్దావిడ ప్రహరీగోడ మీద నడుమెత్తున ఉన్న మరక చూపించారు. లోపల కొత్తగా సున్నం వేశారు, కానీ మోటారు స్విచ్చును మాత్రం తలకంటే ఎత్తుకు మార్చి బిగించారు. అది చూశాక మాట్లాడాల్సింది ఏమీ మిగల్లేదు. నయీంనగర్ అంతా అలాగే ఉంటుందని అనను. నాలాకు (వాననీటి కాలువకు) ఎంత దూరం, వీధి ఎంత పల్లం అన్నదే చూడాలి. హంటర్ రోడ్డులోనూ అంతే.

వడ్డేపల్లి వైపు గాలి బాగుంది, కానీ దొరికినవన్నీ రెండో అంతస్తులే. అత్తమ్మ ఎక్కలేరు.

ఇక్కడ నల్లా నీళ్లు ఉదయమే వస్తున్నాయి. వాడకానికి బోరు ఉంది. అత్తమ్మ అప్పుడే కింద వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్లతో కబుర్లు మొదలుపెట్టారు.