వీఏ లోన్‌ని సివిలియన్ చేతికి ఇవ్వొచ్చా?

కిలీన్ సార్జెంట్:
అందరికీ నమస్తే. నేను ఆర్మీలో ఉన్నాను, ఫోర్ట్ హుడ్‌లో. 2021లో పక్కనే టెక్సాస్‌లోని కిలీన్‌లో వీఏ లోన్ (సైనికులకి, మాజీ సైనికులకి అమెరికా వెటరన్స్ శాఖ హామీతో బ్యాంకిచ్చే ఇంటి లోన్) మీద ఇల్లు కొన్నాం. డౌన్ పేమెంట్ ఏమీ కట్టలేదు. లోన్ 2,40,000 డాలర్లు, వడ్డీ 2.5 శాతం, 30 ఏళ్ళు. ఇప్పుడు నార్త్ కరోలినాలో ఫోర్ట్ బ్రాగ్‌కి బదిలీ ఆర్డర్స్ వచ్చాయి. మా వీధిలో ఇలాంటి ఇళ్ళు 2,60,000 దగ్గర పోతున్నాయి. ఒక జంట 2,65,000 ఇస్తామన్నారు. కాకపోతే నా లోన్ అదే వడ్డీతో వాళ్ళ పేరు మీదికి మారాలట. ఇద్దరిలో ఎవరూ మిలిటరీలో పనిచేయలేదు. మా యూనిట్‌లో సీనియర్ ఒకాయన "సివిలియన్‌కి ఇచ్చావంటే నీ వీఏ బెనిఫిట్ పోయినట్టే" అంటున్నాడు. ఏజెంటేమో ఇంతకంటే మంచి బేరం రాదంటోంది. మీరైతే ఏం చేస్తారు?

నేవీ పెద్దాయన:
ఇవ్వద్దు తమ్ముడూ. వీఏ నీకు అప్పివ్వలేదు, నీ తరఫున బ్యాంకుకి హామీ ఇచ్చింది. 1944లో రూజ్‌వెల్ట్ జీఐ బిల్లు మీద సంతకం పెట్టింది యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు నిలదొక్కుకోవాలని. ఆ హామీ నీ సర్వీసుకి దక్కినది. దాన్ని ఇంకెవరో ఇంకో 26 ఏళ్ళు వాడుకుంటారు, అన్నాళ్ళూ నీ ఎంటైటిల్‌మెంట్, అంటే ఆ హామీ వాడుకునే హక్కు, ఆ ఇంటి మీదే ఇరుక్కుని ఉంటుంది. వాళ్ళు మధ్యలో కట్టడం మానేసి బ్యాంకు ఇల్లు జప్తు చేసి అమ్మేస్తే (ఫోర్‌క్లోజర్), వీఏకి వచ్చిన నష్టం తీరేదాకా ఆ ఎంటైటిల్‌మెంట్ నీకు తిరిగి రాదు. ఐదు వేలు ఎక్కువ ఇస్తామన్నారని ఇంత తలనొప్పి ఎందుకు?

లెక్కల లక్ష్మి:
పెద్దాయన గారూ, ఇరుక్కుంటుందన్న మాట నిజమే. ఎంత ఇరుక్కుంటుందో కూడా చూద్దాం. నేను లోన్ ప్రాసెసింగ్‌లో పనిచేస్తాను, ఈ భయం రోజూ వింటూనే ఉంటాను.

హామీ లోన్‌లో నాలుగో వంతుకి. అంటే సార్జెంట్ గారి 2,40,000కి 60,000 వాడుకున్నట్టు. ఎంటైటిల్‌మెంట్ పూర్తిగా ఉన్నవాళ్ళకి 2020 నుంచి లోన్ లిమిట్ లేదు. కొంత వాడుకున్నవాళ్ళకి మాత్రం కౌంటీ (జిల్లా) లోన్ లిమిట్ లెక్కలోకి వస్తుంది. 2025కి మామూలు కౌంటీల్లో అది 8,06,500. అందులో నాలుగో వంతు 2,01,625. 60,000 తీసేస్తే 1,41,625. దాన్ని నాలుగుతో గుణిస్తే 5,66,500. ఫోర్ట్ బ్రాగ్ పక్కన ఫయెట్‌విల్‌లో ఆ 2025 లిమిట్ లెక్కన అంతవరకు మళ్ళీ డౌన్ పేమెంట్ లేకుండానే కొనొచ్చు, జీతం సరిపోతే. "వీఏ పోయినట్టే" అనడం అబద్ధం కిందే లెక్క.

పోయేది వేరే చోట. రెండోసారి వాడితే వీఏకి కట్టే ఫండింగ్ ఫీ 3.3 శాతం, మూడు లక్షల లోన్‌కి 9,900 డాలర్లు. వీఏ డిజెబిలిటీ కాంపెన్సేషన్ వస్తుంటే అదీ ఉండదు. ఇల్లు మామూలుగా అమ్మినా ఈ రెండోసారి ఫీజు తప్పదు కాబట్టి దీన్ని ఆ జంట ఖాతాలో వెయ్యకండి.

ఇక ధర. ఇవాళ్టికి మీ లోన్‌లో అసలు మొత్తం సుమారు 2,17,000 మిగిలుంటుంది. ఆ జంట ఇదే మొత్తం 6.5 శాతానికి కొత్తగా తీసుకుంటే నెలకి 1,372 కట్టాలి. మీ లోన్ మీద కట్టేది 948. నెలకి 424 తేడా, ఐదేళ్ళకి పాతిక వేలు దాటుతుంది. వాళ్ళు మీకు ఎక్కువ ఇస్తున్నది ఐదు వేలు!

డాలస్ రియల్టర్:
లక్ష్మి గారు ఒక సంగతి వదిలేశారు. 2,65,000లో లోన్ పోగా మిగతా 48,000 వాళ్ళు చేతి నుంచి తేవాలి. అంత క్యాష్ ఉన్నవాళ్ళు తక్కువ. సెకండ్ లోన్ తీసుకుంటే దానికి వడ్డీ ఎక్కువ, ఆ 424లో చాలా భాగం అక్కడే కరిగిపోతుంది. అందుకే ఇలాంటి ఇళ్ళకి కాగితం మీద కనిపించినంత ఎక్స్‌ట్రా రాదు. టైమ్ సంగతి కూడా చూసుకోండి. సర్వీసర్ (లోన్ కిస్తీలు వసూలు చేసే కంపెనీ) 45 రోజుల్లో నిర్ణయం చెప్పాలని వీఏ రూలు. మా క్లయింట్ ఒకరికి అంతకు రెట్టింపు పట్టింది. రిపోర్ట్ చేయాల్సిన తేదీ దగ్గరపడుతుంటే అది మామూలు టెన్షన్ కాదు.

నేవీ పెద్దాయన:
అమ్మా లక్ష్మీ, లెక్క బాగుంది, కాదనను. అయినా నా బాధ డబ్బు గురించి కాదు. మిలిటరీ కుర్రాళ్ళు ఇల్లు దొరక్క తిరుగుతుంటే, మన పేరు మీద వచ్చిన 2.5 శాతం వడ్డీ బయటివాళ్ళకి పోవడమేంటి?

లెక్కల లక్ష్మి:
వడ్డీ రేటు వీఏ ఇచ్చింది కాదండీ, 2021లో మార్కెట్ ఇచ్చింది. లోన్ మార్చుకునే వీలు చట్టంలోనే ఉంది, దాన్ని ధరలో రాబట్టుకునేది కూడా ఆ సైనికుడే. 1988 మార్చి 1 తర్వాతి లోన్లకి కొనేవాళ్ళ క్రెడిట్, ఆదాయం చూసి ఆమోదించాకే మారుస్తారు. దారిన పోయేవాళ్ళకి ఇచ్చెయ్యరు. వాళ్ళు 0.5 శాతం ఫీజు కూడా కడతారు.

అయితే సార్జెంట్ గారూ, రిలీజ్ ఆఫ్ లయబిలిటీ కాగితం మీద లేకుండా క్లోజింగ్‌కి (అమ్మకం చివరి సంతకాలకి) వెళ్ళకండి. అది ఉంటే బాకీ మీ మెడ మీద ఉండదు. ఎంటైటిల్‌మెంట్ మాత్రం అప్పటికీ ఇరుక్కునే ఉంటుంది, రెండిటినీ కలిపి చూడొద్దు. ఆ లోన్ తీరేలోపే అదీ వెనక్కి రావాలంటే కొనేవాళ్ళు వెటరన్ అయి, తమ ఎంటైటిల్‌మెంట్ పెట్టి, ఆ ఇంట్లోనే ఉండాలి.

అద్దె ఇల్లాలు:
అమ్మడమే ఎందుకని నా ప్రశ్న. మా ఆయన ఎయిర్‌ఫోర్స్. మేం బదిలీ అయినప్పుడు పాత ఇల్లు అద్దెకిచ్చేశాం. ఆర్డర్స్ మీద కదిలితే వీఏ అభ్యంతరపెట్టదు. మామూలుగా చివరి ఐదేళ్ళలో రెండేళ్ళు ఉంటేనే లాభం మీద పన్ను మినహాయింపు. డ్యూటీ మీద దూరం వెళ్ళినవాళ్ళకి ఆ గడువుని పదేళ్ళదాకా ఆపుకునే వీలుంది, అద్దెకిచ్చినన్నాళ్ళూ ఇంటి అరుగుదల కింద చూపించే భాగం (డిప్రీసియేషన్) మీద పన్ను తప్ప. 948 కిస్తీ ఉన్న ఇల్లు మళ్ళీ దొరుకుతుందా? ఏసీ పాడైందని అర్ధరాత్రి ఫోన్లొస్తాయి, నిజమే. మేనేజర్‌ని పెట్టుకున్నాం.

కిలీన్ సార్జెంట్:
అందరికీ థాంక్స్. అద్దె మాట ఇంట్లో ఎత్తితే మా ఆవిడ వద్దే వద్దంది, టెక్సాస్‌లో ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే 948 ఎక్కడికో పోతుందని. 2,73,000 అడుగుతున్నాను. రిలీజ్ లెటర్ కాంట్రాక్టులోనే రాయమన్నాను. జూన్ మొదటికి సర్వీసర్ నుంచి జవాబు రాకపోతే మామూలు అమ్మకమే.

నేవీ పెద్దాయన:
ఈలోగా బేస్ గ్రూపుల్లో ఒక మాట వేసి చూడు. కిలీన్‌లో మిలిటరీ వాళ్ళకి కొదవా? 2.5 శాతం అని రాస్తే ఎవరో ఒక వెటరన్ పరిగెత్తుకొస్తాడు.

డాలస్ రియల్టర్:
2,73,000కి అయితే 56,000 క్యాష్‌తో పరిగెత్తుకు రావాలి సార్.