షెరీఫ్ ప్రమాణం, తుపాకీ హక్కు: ఏది ఎంతవరకు?

ప్రశ్న:
అమెరికాలో కొందరు షెరీఫులు (కౌంటీ స్థాయి పోలీసు అధికారులు) "రాజ్యాంగాన్ని కాపాడతానని ప్రమాణం చేశాను, రెండో సవరణకు (ఆయుధాలు ఉంచుకునే హక్కుకు) ఎదురొచ్చే తుపాకీ చట్టాన్ని అమలు చేయను" అంటుంటారు. ఇది కోర్టులో నిలుస్తుందా? అలాంటి చట్టానికి ఓటేసిన శాసనసభ్యుడి మీద, ప్రమాణం తప్పాడని దావా వేయొచ్చా?

జవాబు 1:
ముందు ప్రమాణంలో ఏముందో చూడండి. రాజ్యాంగంలో అక్షరాలా రాసి ఉన్నది అధ్యక్షుడి ప్రమాణం ఒక్కటే, ఇంగ్లీషులో 35 మాటలు. మిగతావాళ్లు రాజ్యాంగానికి కట్టుబడతామని ప్రమాణం చేయాలని మాత్రం ఆరో అధికరణం చెబుతుంది. కట్టుబడేది మొత్తం రాజ్యాంగానికి, ఒక్క రెండో సవరణకే కాదు. ఓటేసిన సభ్యుడి మీద దావా నిలవదు. చట్టం తర్వాత కోర్టులో కొట్టేసినా, సభలో చేసిన శాసనపనికి ఆయనకు పూర్తి రక్షణ ఉంటుంది.

జవాబు 2:
షెరీఫుల మాటలో సగం నిజముంది. తుపాకీ కొనేవాళ్ల పూర్వాపరాలు స్థానిక పోలీసు అధికారులే విచారించాలని ఫెడరల్ బ్రేడీ చట్టం ఆదేశిస్తే, ప్రింట్జ్ కేసులో (1997) సుప్రీంకోర్టు కుదరదంది. ఫెడరల్ ప్రభుత్వం తన పనిని రాష్ట్ర అధికారుల నెత్తిన పెట్టకూడదన్నది కారణం. ఆ తీర్పు వచ్చింది ప్రమాణాన్ని బట్టి కాదు. సొంత రాష్ట్రం చేసిన చట్టం విషయంలో అది షెరీఫుకు అక్కరకు రాదు.

చట్టమే తప్పనుకుంటే దారి వేరు. ఫెడరల్ చట్టాల్లో పౌరహక్కుల దావాలకు వీలిచ్చే 42వ టైటిల్, 1983 సెక్షన్ కింద దావా వేయాలి, అదీ చట్టం చేసినవాళ్ల మీద కాదు, అమలు చేసే అధికారి మీద. చాలామంది ఇక్కడే పొరబడి "ప్రమాణ భంగం" అని రాసుకొస్తారు, అది మొదట్లోనే పోతుంది. తనకు జరిగిన నష్టం చూపాలి. బ్రూయెన్ కేసులో (2022) ఇద్దరు న్యూయార్క్‌వాసులు బయట తుపాకీ వెంట ఉంచుకోవడానికి షరతుల్లేని లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, కాదనిపించుకున్నాకే కోర్టుకెక్కారు, గెలిచారు. అలాగని హక్కు హద్దుల్లేనిది కాదు. గృహహింస నిరోధక ఉత్తర్వు ఉన్నవాడి చేతిలో తుపాకీ ఉండకూడదని రహీమీ కేసులో (2024) 8-1తో తేల్చారు.

జవాబు 3:
ఇంకో కోణం. ఆయుధం పట్టనన్నవాడికి పౌరసత్వం ఇవ్వొచ్చా అన్న జిరార్డ్ కేసులో (1946) సుప్రీంకోర్టు పౌరసత్వ ప్రమాణాన్ని అధికారుల ప్రమాణంతో పోల్చి చూసింది. రెండిటి సారం ఒకటే, మత విశ్వాసం వల్ల ఆయుధం పట్టనివాడు పదవికి అనర్హుడు కానప్పుడు పౌరుడిగా ఎందుకు పనికిరాడంది. తర్వాత పౌరసత్వ ప్రమాణంలో, చట్టం కోరితే దేశం తరఫున ఆయుధం పడతానన్న మాట చేర్చారు. మత విశ్వాసం అడ్డొస్తే ఆ మాట వదిలేయమని అడగొచ్చు.

హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఫెడరల్ తుపాకీ చట్టంలోని 922(జి)(5) సెక్షన్ ప్రకారం మీ దగ్గర తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం, షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకున్నా సరే. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డుకు ఈ నిషేధం లేదు. కొనేటప్పుడు 4473 ఫారంలో వీసా సంగతి అడుగుతారు, అబద్ధం రాస్తే అది మరో నేరం.