అక్టోబరులో మారిన వీడీఏ మాకు మార్చిలో తెలిసింది: కార్మిక చట్టాల మార్పులను మీరు ఎలా గమనించుకుంటున్నారు?

ప్రశ్న: చీమకుర్తి పద్దులు

అందరికీ నమస్కారం. చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పదకొండేళ్లుగా జీతాల పద్దు రాస్తున్నాను. యూనిట్‌లో 38 మంది పనిచేస్తున్నారు. వారిలో సగానికి పైగా ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినవారు. మా యజమానికే రామతీర్థం వైపు ఒక చిన్న క్వారీ, నెల్లూరులో 7 మంది ఉన్న షోరూము, ఏడాది కిందట చెన్నైలో తెరిచిన గోదాము కూడా ఉన్నాయి. వీటన్నిటి జీతాలూ నా చేతి మీదుగానే వెళ్తాయి.

కనీస వేతనంలో ధరల సూచీని బట్టి మారే కరువు భత్యం, అంటే వీడీఏ, ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా అక్టోబరు ఉత్తర్వు కోసం నేను అడగలేదు, అది దానంతట అది మా యూనిట్‌కు రాలేదు. మార్చిలో తనిఖీకి వచ్చిన అధికారి వేతనాల రిజిస్టరు తిరగేసి, ఐదు నెలలుగా పాత రేటే వేస్తున్నారని చూపించారు. యజమాని ఒక్క మాట కూడా అనకుండా బకాయి మొత్తం ఇప్పించారు. కాని హోలీకి ఊరికి వెళ్లి మళ్లీ రాని ఇద్దరు కుర్రవాళ్లకు చేరవలసిన డబ్బు ఇంకా మా దగ్గరే ఉంది, వారి ఫోన్లు పలకడం లేదు. కష్టపడి సంపాదించుకున్న డబ్బు నా ఏమరుపాటు వల్ల వారికి అందకుండా పోయిందన్న బాధ నన్ను వదలడం లేదు.

ఆడిటరు గారు పన్నుల వరకే చూస్తారు. వాట్సాప్‌లో వచ్చేవాటిలో ఏది చట్టమో ఏది వార్తో తెలియడం లేదు. రోజుకు 10 గంటల పని అని 2025 జూన్‌లో పేపర్లలో రాగానే మా పక్క యూనిట్‌లో షిఫ్టు పొడిగించేశారు. నవంబరులో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయన్నారు. మీరు ఈ మార్పులను ఎలా తెలుసుకుంటున్నారు, ఏది నమ్ముతున్నారు, ఎవరిని అడుగుతున్నారు? వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం 1: ఒంగోలు లేబర్ కన్సల్టెంట్

మీరు జరిగింది దాచకుండా రాసినందుకు కృతజ్ఞతలు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్న అనుభవంతో ముందుగా ఒక సంగతి చెబుతాను. యజమానులు చట్టం మారినప్పటికన్నా రేటు మారినప్పుడే ఎక్కువగా దెబ్బతింటారు. చట్టం మారితే పేపర్లలో పెద్ద అక్షరాలతో వస్తుంది. వీడీఏ ఉత్తర్వు మాత్రం కార్మిక శాఖ కమిషనర్ కార్యాలయం నుంచి చడీచప్పుడు లేకుండా వెలువడుతుంది. కాబట్టి ఏప్రిల్, అక్టోబరు నెలల జీతాల షీటు వేసే ముందు కొత్త ఉత్తర్వు చూడనిదే సంతకం పెట్టకూడదని యూనిట్‌లో ఒక కట్టుబాటు పెట్టుకోండి. ఉత్తర్వు ఆలస్యమైతే పాత రేటుతో జీతాలు ఇచ్చి, తేడా బకాయి ఉందని రిజిస్టరులోనే రాసుకుని, ఉత్తర్వు రాగానే చెల్లించండి. అలా రాసుకుంటే మరచిపోవడానికి వీలుండదు.

ఇక మీ విషయంలో అసలు చిక్కు మరొకటి ఉంది. మీ యజమాని ఒక్కరే అయినా ఆయన మీద రెండు ప్రభుత్వాల అజమాయిషీ ఉంది. పాలిషింగ్ యూనిట్, షోరూము రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోకి వస్తాయి. క్వారీ గని కిందికి వస్తుంది కనుక అక్కడ వేతనాల విషయంలో కేంద్ర ప్రభుత్వమే అధికారి. రేట్లను కేంద్ర చీఫ్ లేబర్ కమిషనర్ ప్రకటిస్తారు, భద్రతను గనుల భద్రత డైరెక్టరేట్ చూస్తుంది. కేంద్రం రేట్లు కూడా ఆ రెండు తేదీల్లోనే మారతాయి గాని అంకెలు వేరు. క్వారీలో రాయి తీసే మనిషికి పాలిషింగ్ యూనిట్ రేటు కట్టిన పద్దులు చీమకుర్తిలో నేను చాలా చూశాను, మీది కూడా ఒకసారి సరిచూసుకోండి.

10 గంటల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 2025 జూన్‌లో జరిగింది మంత్రివర్గ ఆమోదం మాత్రమే. సవరణ బిల్లులను శాసనసభ సెప్టెంబరులో ఆమోదించింది. కార్మిక విషయాలు రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల జాబితాలో ఉన్నాయి కనుక, పార్లమెంటు చేసిన ఫ్యాక్టరీల చట్టానికి భిన్నంగా రాష్ట్రం చేసే సవరణ నిలబడాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఇంతలో 2025 నవంబరు 21న నాలుగు కోడ్‌లు అమలులోకి వచ్చి 29 పాత చట్టాల స్థానాన్ని ఆక్రమించాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం బదులు వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో రోజుకు 8 గంటలని ఉంది. వారానికి 48 గంటల పరిమితి ఏ దశలోనూ మారలేదు, అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలన్న నియమమూ మారలేదు. జూన్‌లో వార్త చదివి షిఫ్టు పొడిగించినవారు ఏ చట్టం ప్రకారం పొడిగించారో చెప్పలేరు. అందుకే నేను నా క్లయింట్లను మూడు ప్రశ్నలు వేసుకోమంటాను: రాజపత్రంలో, అంటే ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయిందా, అమలు తేదీ అందులో ఉందా, అది మన తరహా సంస్థకు వర్తిస్తుందా. మూడింటికీ అవునని జవాబు వచ్చేదాకా పాత పద్ధతిలోనే నడపాలి.

సమాధానం 2: నెల్లూరు రొయ్యల ప్లాంటు హెచ్‌ఆర్

మా ప్లాంటులో రొయ్యలు వలిచేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, సరుకు వచ్చినప్పుడు రాత్రి పని తప్పదు. అందువల్ల ఏ మార్పునైనా మేము ఆలస్యంగా తెలుసుకుంటే దాని బరువు వారి మీదే పడుతుంది. రాత్రి పనికి వారి సమ్మతి కావాలి, ఇంటికి చేర్చే బండి, భద్రత చూడాలి. ఈ షరతులు మారినప్పుడల్లా సమ్మతి పత్రాలు మళ్లీ తీసుకుంటాము.

మేము చేసేది చాలా సాదా పని. గోడకు వేలాడే క్యాలెండరులోనే తేదీలు రాస్తాము: వృత్తి పన్ను ప్రతి నెలా 10, పీఎఫ్, ఈఎస్‌ఐ 15, కార్మిక సంక్షేమ నిధికి ఏడాదికోసారి జనవరి 31. సంక్షేమ నిధికి మనిషి దగ్గర 30 రూపాయలు, యజమాని వాటా 70 రూపాయలు. ఇంత చిన్న మొత్తం కావడం వల్లే చాలామంది దాన్ని మరచిపోతారు. ప్రతి సోమవారం ఒక గంట ప్రభుత్వ జీవోల పోర్టల్, కార్మిక శాఖ వెబ్‌సైటు చూస్తాను. 2021 ఆగస్టులో జీవోలను ఆ పోర్టల్‌లో పెట్టడం ఆపేసి 2024లో మళ్లీ మొదలుపెట్టారు కనుక మధ్య కాలపు ఉత్తర్వుల కోసం రాజపత్రం కూడా వెతకవలసి వస్తుంది.

అన్నిటికన్నా పనికొచ్చినది మరొకటి. కొత్త రేటు రాగానే నోటీసు బోర్డు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తాము, చదువు రానివారికి సూపర్‌వైజరు చదివి వినిపిస్తారు. అప్పటి నుంచి రేటు మారే నెలలో మాకంటే ముందు వారే వచ్చి అడుగుతున్నారు. మీ దగ్గర ఒడియా, హిందీ వాళ్లున్నారు కదా, ఆ భాషల్లో కూడా రాయించండి. తెలిసిన పనివాడు అడుగుతాడు, అడిగితే మన పొరపాటు ఐదు నెలలు సాగదు.

సమాధానం 3: విశ్రాంత సహాయ కార్మిక అధికారి

చీమకుర్తి పద్దులు గారూ, ముందుగా ఆ ఇద్దరు కుర్రవాళ్ల డబ్బు విషయం చెబుతాను. పనివాడు చనిపోయినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా, అతనికి రావలసిన మొత్తాన్ని నామినీకి చెల్లించాలని, అది వీలుకాకపోతే నిర్ణీత అధికారి వద్ద జమ చేయాలని వేతనాల కోడ్ 44వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆ మొత్తం మీ పద్దులో ఊరకే ఉండిపోనక్కరలేదు. మొదట వారి బ్యాంకు ఖాతాలో వేయడానికి ప్రయత్నించండి. ఖాతా పనిచేయకపోతే పీఎఫ్ నామినేషన్ ఫారంలో ఉన్న ఇంటి చిరునామాకు రిజిస్టర్డ్ ఉత్తరం రాయండి. ఆ తరువాతే జమ చేసే సంగతి. మేస్త్రీ చేతికి మాత్రం ఇవ్వకండి. కంట్రాక్టరు వేతనం ఎగవేస్తే అసలు యజమానే చెల్లించాలన్న నియమం ఉండగా, ఒకసారి మేస్త్రీకి ఇచ్చిన డబ్బును మళ్లీ కట్టవలసి వచ్చిన యజమానులను నా ఉద్యోగ కాలంలో చూశాను.

రెండో విషయం. కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లి అడగడానికి చాలామంది వెనకాడతారు, అడిగితే తనిఖీ పెడతారని భయం. కొత్త కోడ్‌లలో ఆ అధికారిని ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అన్నారు; యజమానికీ పనివారికీ సలహా చెప్పడం ఆయన విధుల్లో ఒకటి. మాటల్లో కాకుండా కాగితం మీద అడిగి, రసీదు తీసుకోండి. కనీస వేతనాల ఏ షెడ్యూలు (ఏ రకం పనికి ఏ రేట్లో చెప్పే పట్టిక) కింద వస్తాము, ఏ కేటగిరీ రేటు వర్తిస్తుంది అన్న ప్రశ్నలను ఇలా అడిగి ఉంచుకుంటే, మీరు తెలుసుకోవడానికి ప్రయత్నించారన్నది కాగితం మీద నిలుస్తుంది.

కోడ్‌ల వల్ల మీ షీటులో వెంటనే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగానికి మించితే మించిన భాగం వేతనంగానే లెక్కకు వస్తుంది, దాంతో పీఎఫ్, గ్రాట్యుటీ మారతాయి. పని మానినవారికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. అందరికీ నియామక పత్రం ఇవ్వాలి, నోటి మాట మీద చేర్చుకునే కాలం పోయింది.

సమాధానం 4: స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్

నాకు నెల్లూరులో, చెన్నైలో వ్యాపారం ఉంది. చెన్నై గోదాము గురించి ఎవరూ రాయలేదు కనుక చెబుతున్నాను. అక్కడ వృత్తి పన్ను నెలనెలా కాదు, ఆరు నెలలకోసారి స్థానిక సంస్థకు కట్టాలి. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వసతి ఉండాలని 2021లో చట్టాన్ని సవరించారు. 24 నెలల్లో 480 రోజులు పనిచేసినవారికి పర్మనెంట్ హోదా ఇవ్వాలన్న 1981 నాటి చట్టం కూడా ఆ రాష్ట్రంలో ఉంది, అది మీ గోదాముకు వర్తిస్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. నెల్లూరు పద్ధతినే అక్కడా నడిపించి రెండేళ్లు ఇబ్బంది పడ్డాను. ఇప్పుడు అక్కడి మనిషినే ఒకరిని నెలకు ఇంతని మాట్లాడుకున్నాను.

చీమకుర్తి పద్దులు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. సార్ చెప్పినట్టు నామినేషన్ ఫారాలు తీసి చూస్తే ఒకరి అన్నగారి నంబరు దొరికింది. ఇవాళ మాట్లాడాను, కుర్రవాడు గంజాం జిల్లాలో సొంత ఊళ్లోనే ఉన్నాడట, డబ్బు ఖాతాకు పంపాము. రెండో కుర్రవాడి ఇంటికి ఉత్తరం రాస్తున్నాను. క్వారీ రిజిస్టరు చూశాను. కన్సల్టెంట్ గారు అనుమానించినట్టే ఇద్దరు డ్రిల్లర్లకు తప్పు రేటు పడింది, సరిచేస్తున్నాము. చివరిగా ఒక్క సందేహం. నెల్లూరు షోరూములో 7 మందే కదా, వారికి యూనిట్ రేటే వేయవచ్చా?

ఒంగోలు లేబర్ కన్సల్టెంట్

వేయకూడదు. షోరూము రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 కిందికి వస్తుంది. అది రాష్ట్రం సొంత చట్టం కనుక కోడ్‌లు దాన్ని రద్దు చేయలేదు. దుకాణాలు, వాణిజ్య సంస్థలకు కనీస వేతనాల షెడ్యూలు వేరుగా ఉంది, ఆ రేటే చూడాలి. పీఎఫ్ విషయంలో మాత్రం 7 మందే కదా అని వదిలేయడానికి లేదు. శాఖలన్నీ కలిపి ఒకే సంస్థగా లెక్కిస్తారు. రేపు ఉదయం యూనిట్, షోరూము, క్వారీ, గోదాములకు నాలుగు వేరు వేరు షీట్లు తెరిచి, ఒక్కొక్కదాని పైన ఏ ఉత్తర్వు ప్రకారం ఆ రేటు వేశారో దాని నంబరు, తేదీ రాయండి.