అద్దింట్లో గీజర్ గుడగుడలాడుతోంది, ఖర్చు ఎవరిది?

రాయగడ_రెండో_అంతస్తు:
ఒడిశా రాయగడలో అద్దెకుంటున్నాం. ఇంటితోపాటు ఇచ్చిన 15 లీటర్ల గీజర్‌కి ఈ చలికాలం కొత్త రోగం పట్టింది. స్విచ్ వేసిన ఐదు నిమిషాలకి లోపల ఎవరో గులకరాళ్లు వేయిస్తున్నట్టు పటపటా, గుడగుడా. పిల్ల స్కూలు బస్సు కోసం ఐదింటికే వేస్తాం. కింద వాటాలో ఓనరుగారి తల్లి మెట్ల దగ్గర నిలబడి "ఏటమ్మా, తెల్లారకుండా పిండిమర ఎట్టీసినారేటి?" అని అడుగుతున్నారు. మూడు సంగతులు చెప్పండి. ఇది పేలుతుందా? బాగు చేయించాల్సింది ఎవరు? ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోస్తారా?

పర్లాకిమిడి_బావు:
బోరు నీళ్లే కదా? సున్నం కట్టేసుంటది. నీళ్లు కాచే ఎలిమెంట్ మీద తెల్లగా పెచ్చు కడతాది. దాని కింద ఇరుక్కున్న నీళ్లు ఆవిరైపోయి, ఆ బుడగలు బయటికొచ్చి చల్లనీళ్లు తగలగానే చితుకుతాయి. నీకు వినిపించేది అదే. మా ఇంట్లో విప్పితే ఎలిమెంట్ చుట్టలే కనపడలేదు, మొక్కజొన్న పొత్తులాగుంది. అడుగున కోడిగుడ్డు పెంకుల్లాంటి ముక్కలు గిన్నెడు తీసినాం. కరెంటు ఆపే ఎంసీబీ దించి, నీళ్లన్నీ వదిలేసి, ఎలిమెంట్ ఊడదీసి వేణ్నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నానబెట్టినాం. బుసబుసా నురగ కక్కి రాలిపోయింది. కిరాణా కొట్లో దొరుకుతాది, పెద్ద ఖర్చేం కాదు.

కొరాపుట్_సీనియర్:
సున్నం సంగతి చిన్నపిల్లాడికీ తెలుసు. అసలు కారణం ఎవరూ చెప్పరు. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. అందుకే కొండ మీద గీజర్లన్నీ గోల చేస్తాయి. 22 ఏళ్లుగా ఇవే విప్పుతున్నాను, పుస్తకం చూసి చెప్పడం లేదు.

పర్లాకిమిడి_బావు:
మాస్టారూ, అడిగినాయన రాయగడలో ఉన్నాడండీ.

సెమిలిగూడ_చలి:
పోనీ కొరాపుట్లోనే అనుకుందాం. గీజర్లో నీళ్లు మరిగేదాకా పోవు, 60, 70 దగ్గర థర్మోస్టాట్ ఆపేస్తుంది. పైగా ట్యాంకు మేడ మీదుంటుంది. మూడు మీటర్ల నీటి బరువు మీద పడితే కొరాపుట్లోనైనా మరుగు 100 దాటాకే. మరిగేదల్లా పెచ్చు కింద చిక్కుకున్న కాసిని నీళ్లే, అక్కడ ఎలిమెంట్ వేడి ఎటూ పోలేదు కాబట్టి.

కొరాపుట్_సీనియర్:
మరి మా ఇంట్లో గిన్నెలో పప్పు ఎందుకు ఉడకదు?

సెమిలిగూడ_చలి:
పప్పు గిన్నె నెత్తిన ట్యాంకు ఉండదు కదండీ.

కొరాపుట్_సీనియర్:
వెటకారం బాగానే ఉంది. ఒక్క గీజరైనా చేత్తో విప్పావా ఎప్పుడైనా?

గుణుపురం_గుంటడు:
ఈ గొడవలన్నీ ఎందుకండీ. మా అమ్మమ్మ ఇంట్లో పెరట్లో మూడు రాళ్లు, పైన రాగి కాగు. కట్టెపుల్లలు ఎగదోస్తే పొగ కంట్లోకి, నీళ్లు ఒంటికి. ఆ నీళ్లకి పొగ వాసన ఉండేది. ఇప్పటికీ చలికాలం వస్తే అదే గుర్తొస్తాది. కాగు అమ్మీసినారు, ఎవరికి అమ్మినారో కూడా చెప్పరు.

బరంపురం_కొత్త_కాపురం:
మా గీజర్ చప్పుడు చెయ్యదు గానీ పక్కనున్న చిన్న వాల్వు నుంచి వేడెక్కినప్పుడల్లా చుక్కలు పడేవి. సీలు ముద్ద పెట్టి మూసేశాను. రెండు వారాలైంది, హాయిగా ఉంది.

సెమిలిగూడ_చలి:
ముందు స్విచ్ ఆపు తమ్ముడూ. ఇప్పుడే. అది కారడానికే పెట్టిన వాల్వు. 15 లీటర్లు 20 నుంచి 60 డిగ్రీలకి వెళ్తే పావు లీటరుకి కాస్త తక్కువ పెరుగుతాయి. వెనక్కి పోనివ్వకుండా ఆ వాల్వే ఆపుతుంది, కుళాయి కట్టేసి ఉంటుంది, ఇక ఎటు పోవాలి? పేలుతుందా అని పైన అడిగారు చూడు, నీలాంటి పని చేస్తే పేలుతుంది.

బరంపురం_కొత్త_కాపురం:
అరవకండి. తీసేస్తాను. ప్లంబరే మూయమన్నాడు.

కొరాపుట్_సీనియర్:
ఈ ఒక్క విషయంలో చలిగారు చెప్పింది కరెక్టు.

రెండు_వాటాల_ఓనర్:
ఖర్చు ఎవరిదన్న మాట అందరూ మింగేశారు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం తీసి చూడండి. గీజర్ రిపేరు, కుళాయి వాషర్లు, స్విచ్‌లు అద్దెకున్నవాళ్లు చేయించుకోవాల్సిన పనుల్లో రాశారు. పైపులు మార్చడం, వైరింగ్ ఓనరు పని.

పర్లాకిమిడి_బావు:
పేరులోనే తెలిసిపోతంది నువ్వెవరి పక్షమో. అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. అంతవరకూ అగ్రిమెంటులో ఏం రాసుకుంటే అదే. అయినా బోరు ఎవరిది? సున్నం ఎవరి బోరులోంచి వచ్చింది?

రెండు_వాటాల_ఓనర్:
స్నానం ఎవరు చేశారు?

గుణుపురం_గుంటడు:
పండక్కి టికెట్లు దొరికినాయా ఎవరికైనా? విశాఖ వైపు.

రాయగడ_అక్క:
నేను నాలుగిళ్లు మారాను. ఒక్కటే చెప్తాను. విప్పకముందు, విప్పాక ఫోటోలు తీసి ఓనరుకి పంపండి. మూడో ఇంట్లో నేను తీయలేదు. పాత ఎలిమెంట్ నేనే కాల్చేశానని అడ్వాన్సులో కోసేశారు. ఇప్పటికీ ఆ వీధి గుండా వెళ్లను, చుట్టు తిరిగైనా వెళ్తాను.

పర్లాకిమిడి_బావు:
లోపల మెగ్నీషియం కడ్డీ కూడా ఉంటాది, అరిగిపోయుంటే మార్పించీయండి. లేకపోతే గీజర్ ట్యాంకు తుప్పు పడతాది.

రాయగడ_రెండో_అంతస్తు:
నిన్న ఆదివారం విప్పించాను. బావుగారు చెప్పినట్టే, ఒక మగ్గు నిండా పెచ్చులు. వచ్చినతను కాళ్ల మీద కూర్చుని, స్క్రూడ్రైవరు పిడితో తడుతూ రాల్చాడు. పిల్ల ఒక పెచ్చు దాచుకుంది, స్కూల్లో చూపిస్తుందట. అడ్వాన్సు భయంతో ఫోటోలూ తీశాను. ఈరోజు పొద్దున్న కెటిల్లా సన్నగా సుయ్‌మంది, అంతే. కింద పెద్దావిడ "ఏటమ్మా, ఈరోజు నీళ్లు పెట్టుకోలేదేటి?" అన్నారు.

కానీ వచ్చినతను నీళ్లు కారకుండా పెట్టే రబ్బరు గాస్కెట్ పాతదే పెట్టి బిగించాడు. ఎలిమెంట్ దగ్గర్నుంచి చుక్క చుక్క కారుతోంది. స్విచ్ ఆపి కింద బకెట్ పెట్టాను, నీళ్లు పొయ్యి మీద కాస్తున్నాం. రాయగడలో గాస్కెట్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఎవరు కొనాలన్నది మళ్లీ మొదలుపెట్టకండి.

రెండు_వాటాల_ఓనర్:
మీరే.