లిలీపాండ్ ఫంక్షన్‌లో ట్రాన్స్‌పోజ్ చేస్తే మొదటి స్వరాలూ మారిపోతున్నాయి

ఫిడేలు_టీచర్:
పిల్లలకి అభ్యాసాలు లిలీపాండ్‌తో (టైప్ చేసిన సంగీతాన్ని నొటేషన్‌గా మార్చే ప్రోగ్రామ్) స్టాఫ్ నొటేషన్‌లో రాసిస్తుంటాను. ప్రతి వరసా ఒకసారి ఉన్నది ఉన్నట్టు, వెంటనే పంచమం పైకి జరిపి ఇంకోసారి రావాలి. చేత్తో రెండుసార్లు రాయలేక 'జంట' అని మ్యూజిక్ ఫంక్షన్ రాశాను. లోపల హాష్ (#) గుర్తు పెట్టి పాట, తర్వాత ట్రాన్స్‌పోజ్ (స్వరాలన్నిటినీ ఒకే దూరం జరిపే ఆదేశం) సి నుంచి జి, మళ్లీ హాష్‌తో అదే పాట. ఎర్రర్ ఏమీ లేదు. కానీ 'సి డి ఈ ఎఫ్' ఇస్తే రెండుసార్లూ 'జి ఏ బి సి' అనే వస్తోంది! వెర్షన్ 2.24.

స్కీమ్_పిచ్చి:
రెండు చోట్లా హాష్ తీసేసి డాలర్ ($) గుర్తు పెట్టండి. హాష్ అసలు వస్తువునే ఇస్తుంది, డాలర్ దాని కాపీ ఇస్తుంది. ట్రాన్స్‌పోజ్ కాపీ చేసుకోదు, చేతికిచ్చినదాన్నే మార్చేస్తుంది. మీ రెండు వరసలూ ఒకటే వస్తువు, అందుకే రెండూ కదిలాయి. లోపలంతా స్కీమ్‌లోనే (లిలీపాండ్ లోపల వాడే ప్రోగ్రామింగ్ భాష) రాస్తే డాలర్ ఉండదు, ఎల్‌వై:మ్యూజిక్-డీప్-కాపీ వాడాలి.

రాత్రి_బండి:
ఇంకోటి. రిలేటివ్‌ని (ప్రతి స్వరం ఆక్టేవ్‌ని ముందు స్వరాన్ని బట్టి లెక్కగట్టే ఆదేశం) ఫంక్షన్ బయట చుట్టకండి, 'జంట'కి ఇచ్చే పాటకే పెట్టండి. ట్రాన్స్‌పోజ్ లోపలికి బయటి రిలేటివ్ వెళ్లదు, ఆక్టేవ్‌లు గందరగోళమవుతాయి.

ఫిడేలు_టీచర్:
డాలర్ పెట్టగానే సరిపోయిందండీ, థాంక్స్. రిలేటివ్ బయటే ఉంది, ఇప్పుడే లోపలికి జరుపుతున్నా. జరిపే దూరాన్ని కూడా ఆర్గ్యుమెంట్‌గా (ఫంక్షన్‌కి బయటి నుంచి ఇచ్చే విలువ) తీసుకోవచ్చా?

స్కీమ్_పిచ్చి:
తీసుకోవచ్చు. దాని రకం ఎల్‌వై:పిచ్? అని రాయండి, ప్రశ్నార్థకంతో సహా.